ఊడ్పుల వేళ పెద్దకర్మ

మార్టేరు సెంటర్లో ఆటో ఎక్కి ఆచంట వైపు బయల్దేరితే, పుష్యమాసంలో రోడ్డుకి రెండువైపులా దాళ్వా (రెండో పంట) ఊడ్పులే కనిపించాలి. ఇప్పుడు అలా లేదు. నాలుగు వరిచేలు, ఆ పక్కన ఒక రొయ్యల చెరువు, మళ్ళీ రెండు చేలు, మళ్ళీ చెరువు. చెరువుల్లో ఏరియేటర్ల చప్పుడు, చేలల్లో ఊడ్పు మనుషుల మాటలు. ఆ మాటలు బెంగాలీ. ఈమధ్య పశ్చిమ గోదావరిలో ఊడ్పులకి బెంగాల్ నుంచి ముఠాలు రావడం మామూలైపోయింది.

నేను వెళ్తున్నది ఒక పెద్దకర్మకి. పోయినాయన మా ఆవిడ వైపు దూరపు చుట్టం, నాకు తాతగారి వరస. తొంభై దాటి బతికిన రైతు. పెళ్ళిళ్లలో చూడటమే తప్ప ఆయనతో కూర్చుని మాట్లాడింది లేదు. ఊళ్ళోకి వెళ్ళేసరికి పందిట్లో రెండో బంతి నడుస్తోంది. కందా బచ్చలికూర, పెసర పూర్ణాలు, పులిహోర. పందిరి గుంజలకి కట్టిన ఫ్లెక్సీలో తాతగారు బిగదీసుకుని నిలబడి ఉన్నారు. పాస్‌పోర్టు కోసం తీయించిన ఫొటో అట. అమెరికాలో మనవరాలిని చూడటానికి వెళ్ళి, అక్కడ ఇంటి వెనక మట్టి చేత్తో తీసి చూసి, 'ఇది వరికి పనికిరాదు' అని తేల్చేసి వచ్చారని బంతిలో నా పక్కనాయన చెప్పారు.

చావు ఇంట్లో అందరూ పోయినవాళ్ళని మెచ్చుకుంటారు. అందులో సగం మర్యాద. అందుకని నేను మెచ్చుకోళ్ళని పక్కనపెట్టి లెక్కలు విన్నాను. ఆయన అన్నగారు చిన్న వయసులోనే పోయారు. ముగ్గురు పిల్లలు. వదినగారిని, పిల్లల్ని ఇంట్లోనే ఉంచుకుని, తన నలుగురితో కలిపి ఏడుగురినీ ఒకే కంచాల వరసలో పెంచారు. అన్నకూతురి పెళ్ళే ముందు చేశారు. దానికి ఎకరం అమ్మారు. ఆ ఎకరం అన్న వాటాలోది కాదు, తన వాటాలోది. ఈ విషయం చెప్పినావిడ ఆ అన్నకూతురే. ఇప్పుడు ఆవిడకీ డెబ్భై దగ్గరపడ్డాయి. 'మా బాబాయి ఆ ఎకరం సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. దస్తావేజులు చూస్తే మొన్న తెలిసింది' అంది.

ఆ తర్వాత పెద్దబ్బాయి ఇంజినీరింగుకి ఇంకో ముప్పాతిక పోయింది. ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిళ్లకి ఇంకొంత. ఆఖరికి రెండున్నర ఎకరాలు మిగిలింది.

పిన్నిగారు, అంటే తాతగారి చిన్నమ్మాయి, వంటింటి గుమ్మంలో కూర్చుని చెప్పింది: 'అమ్మకి కుడిచెయ్యి పడిపోయాక నాన్నే జడ వేసేవాడు. వంకరగా వచ్చేది. అమ్మ ఊరుకునేది కాదు, విప్పించి మళ్ళీ వేయించుకునేది. చేలో గట్టు తిన్నగా వేస్తావు, జడ రాదా అనేది.' అలా ఐదేళ్ళు.

తాతగారు వ్యవసాయంలోకి దిగిన రోజుల్లో ఇక్కడ అక్కుళ్ళు అనే పాత రకం వరి వేసేవారు. గోదావరి డెల్టా అప్పటికే నూరేళ్ళ కిందటి నుంచీ కాలువ నీళ్ళ మీద బతుకుతోంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. 1966 తర్వాత పొట్టి వంగడాలు వచ్చాయి, మసూరి వచ్చింది. ఊరికి దగ్గర్లోనే మార్టేరు వరి పరిశోధనా స్థానం ఉంది, 1925లో పెట్టారు. అక్కడ వశిష్ఠనీ మసూరినీ కలిపి తీసిన ఎం.టి.యు. 7029 విడుదలైంది 1982లో. అందరికీ తెలిసిన పేరు స్వర్ణ. ఎరువు తక్కువ వేసినా పండుతుంది, చేలో కాస్త నీళ్ళు నిలబడ్డా ఓర్చుకుంటుంది. సార్వా (వానాకాలం పంట) కోసమే పుట్టినట్టుంటుంది. ఇక్కడి నుంచి ఒడిశాకీ బెంగాల్‌కీ బిహార్‌కీ పాకి, దేశంలో ఎక్కువమంది పండించే రకాల్లో ఒకటైంది. ఈ ఊడ్పు ముఠాల వాళ్ళ ఊళ్ళల్లోనూ అదే పండుతుంది. మార్టేరు పొలాల్లో పని చేసిన శాస్త్రవేత్తల పేర్లు మన బడిపుస్తకాల్లో ఎందుకుండవో నాకు అర్థం కాదు. ఊరివాళ్ళు చెప్పేదాన్నిబట్టి ఈ వీధిలో స్వర్ణ మొదట వేసినవాళ్ళలో తాతగారు ఒకరు. పండిన విత్తనం అడిగినవాళ్ళకి కుంచం ఇచ్చి, పంటయ్యాక కుంచమే తీసుకునేవారట.

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పారినప్పుడు ఇక్కడ ఊడ్చిన చేలన్నీ మునిగాయి. నీళ్ళు తీశాక తాతగారు మెరక ఊళ్ళకి వెళ్ళి మిగులు ఆకు, అంటే నారు, కొనుక్కొచ్చి రెండోసారి ఊడ్చారు. అన్న వాటా చేను ముందు, తనది తర్వాత. తనది ఆలస్యమై సరిగా పండలేదు.

భోజనాలయ్యాక మజ్జిగ పోస్తున్న ఒకాయన కనిపించాడు. యాభై ఐదేళ్ళుంటాయి. శుభలేఖల్లాగే పెద్దకర్మ కార్డుల్లో కూడా పేర్ల వరస ఉంటుంది కదా: కొడుకులు, కోడళ్ళు, అల్లుళ్ళు, మునిమనవలదాకా. అందులో ఈయన లేడు. తాతగారి రెండున్నర ఎకరాలూ, పక్కనే ఉన్న అన్నకొడుకు ఎకరన్నరా మక్తాకి, అంటే కౌలుకి, చేస్తున్నది ఈయనే. చేను చూపిస్తానన్నాడు. చేలకి నీళ్ళొచ్చే బోదె గట్టు మీద నడిచాం.

'ఆకు తీసేశామండీ, రేపు మా ఊడ్పులు. దాళ్వాకి 1121 రకం వేస్తన్నామండీ' అన్నాడు. తాతగారి గురించి అడిగితే ముందు నీళ్ళ సంగతి చెప్పాడు. దాళ్వాలో గోదావరి తగ్గిపోతుంది. సీలేరు జలాశయాల నుంచి వదిలితేగానీ చివరి చేలకి అందదు. వంతు పెట్టినప్పుడు రాత్రిళ్ళు బోదె కాపలా కాయాలి. ఎనభై ఐదేళ్ళ వయసులో కూడా పెద్దాయన టార్చిలైటు పట్టుకుని వచ్చి కూర్చునేవారట. 'నువ్వు పడుకోరా, నాకెలాగూ నిద్ర పట్టదు అనేవారండీ.'

మక్తా గురించి అడిగాను. 'చుట్టుపక్కల ఏడాదికి ఎకరాకి 30 బస్తాలు తక్కువ లేదండీ. ఈయనకి 26 ఇచ్చేవాణ్ణి. మిచాంగ్ తుఫాను వచ్చినేడు చేను పడుకుని గింజ మొలకెత్తిందండీ. సార్వా మక్తా కొలుద్దామని వెళ్తే, పండంది ఎక్కడ కొలుస్తావురా అన్నారు.' అది 2023 డిసెంబరు.

అసలు సంగతి ఆ తర్వాత బయటపడింది. కౌలు రైతుకి బ్యాంకు అప్పు రావాలన్నా, పంట నష్టపరిహారం అందాలన్నా సాగుదారు హక్కు పత్రం కావాలి. 2019 చట్టం ప్రకారం దాని గడువు 11 నెలలు. దానివల్ల భూమి మీద యాజమాన్య హక్కేమీ రాదు. కానీ దాని మీద భూమి యజమాని సంతకం ఉండాలి. సంతకం పెడితే పొలం పోతుందన్న భయంతో చాలామంది పెట్టరు. మర్యాదస్తులనిపించుకున్న మోతుబరులు కూడా అక్కడికొచ్చేసరికి మొహం చాటేస్తారు. డెల్టా రైతు గురించి ఎన్ని కబుర్లు చెప్పుకున్నా ఆ ఒక్క సంతకం దగ్గర తేలిపోతాయి. తాతగారి కొడుకులూ వద్దన్నారట. ఆయన ఏటా తనే వెళ్ళి సంతకం పెట్టి వచ్చేవారు.

'ఈ దాళ్వాకి ఇబ్బంది లేదండీ. తర్వాత అబ్బాయిగార్లు ఏమంటారో' అన్నాడాయన.

తిరిగి వచ్చాక పెద్దబ్బాయిగారిని అరుగు మీద కూర్చుని ఉండగా అడిగాను. దాపరికం లేని మనిషి. చెరువుకి లీజుకిమ్మని భీమవరం నుంచి అప్పుడే ఫోన్లు వస్తున్నాయట. వరికొచ్చే మక్తాకి రెట్టింపు పైమాటే. 'నాన్న ఉండగా అడగడానికే జంకేవాళ్ళు. మేం హైదరాబాద్‌లో ఉండి వరి ఏం చూసుకుంటామండీ' అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ కనపడలేదు నాకు. అయితే చెరువు తవ్వితే ఉప్పునీటి ఊట పక్క చేలకి దిగుతుందని ఆయనకీ తెలుసు.

అన్నకొడుకు అంతసేపూ మాట్లాడకుండా స్తంభానికి ఆనుకుని ఉన్నారు. ఊళ్ళోనే ఉంటారు, స్కూలు మాస్టారుగా చేసి రిటైరయ్యారు.

'బోదె నా చేలోంచే వస్తుంది కదరా అన్నయ్యా' అన్నారు. 'చెరువుకి అనుమతంటే పక్క రైతుని అడుగుతారు. నేను ఒప్పుకోను. బాబాయి ఉండగానే చెప్పాను ఆయనకి.'

పెద్దబ్బాయిగారు చాలాసేపు ఏమీ అనలేదు. 'మరి ఆ కాగితం మీద సంతకం?' అన్నారు చివరికి.

'నా ఎకరన్నరకి నేను పెడతాను. మీ రెండున్నర సంగతి నువ్వూ తమ్ముడూ చెల్లెళ్ళూ తేల్చుకోండి. ఏప్రిల్లో కాలువలు కట్టేసేలోగా చెప్పండి, వాడు సార్వాకి విత్తనం చూసుకోవాలి.'