కొమరోలు తీగ... చలిలో వింత!

గిద్దలూరు నుంచి పోరుమామిళ్ల రోడ్డు పట్టుకుంటే దారిలో కొమరోలు. ఒకపక్క నల్లమల, మరోపక్క వెలికొండలు. మే నెల ఎండకు స్తంభాల మధ్య కరెంటు తీగలు మరికాస్త కిందికి జారినట్టున్నాయి.

వేపచెట్టు కింద కరెంటు కోసం కాచుకున్న పెద్దాయనను పలకరించాను.

"మాది లైను చివరి బోరు నాయనా. కరెంటు ఈడికొచ్చేసరికి నీరసపడతాది. రెండుసార్లు మోటారు కాలిపోయె" అన్నాడు.

నిజమే. తీగలో పరుగెత్తే ఎలక్ట్రాన్లకు లోహపు అణువుల కంపనాలు అడ్డుతగులుతాయి. కొంత శక్తి వేడిగా పోతుంది. దూరం పెరిగేకొద్దీ ఓల్టేజి పడిపోతుంది. అదే నిరోధం.

ఈ తీగలు అల్యూమినియంవి. అదే అల్యూమినియాన్ని మైనస్ 272 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లబరిస్తే? నిరోధం మాయం! ఎలక్ట్రాన్లు జంటకట్టి హాయిగా సాగిపోతాయి. ఇదే అతివాహకత. 1911లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో కామర్లింగ్ ఓన్స్ దీన్ని మొదట పాదరసంలో చూశాడు.

అదే దేశంలోని డెల్ఫ్ట్‌లో 2006లో ఇంకో వింత జరిగింది. రెండు అల్యూమినియం కొసల మధ్య కార్బన్ నానోగొట్టాన్ని వంతెనలా పెట్టారు. చాప చుట్టినట్టు కర్బన అణువుల పొరను చుడితే వచ్చే గొట్టమది. వెంట్రుక కన్నా వేల రెట్లు సన్నం. అది అతివాహకం కాదు. అయినా విపరీతమైన చలిలో దానిగుండా నిరోధం లేని కరెంటు పారింది!

ఎలాగంటే... వ్రతం పీటల మీద దంపతులే కూర్చోవాలన్నట్టు, చల్లని అల్యూమినియంలోకి ఒంటరి ఎలక్ట్రాన్‌కు ప్రవేశం లేదు. అది గొట్టంలోంచే ఒక తోడును వెంటబెట్టుకుని వెళుతుంది. తోడు ఖాళీ చేసిన చోటు వెనక్కి, అవతలి కొసకు ప్రయాణిస్తుంది. అక్కడ ఓ జంట విడిపోయి, ఒకటి ఆ ఖాళీని నింపితే రెండోది ఇటు బయల్దేరుతుంది. సరిహద్దు దగ్గరి ఈ మార్పిడిని 1964లో వివరించినవాడు రష్యా శాస్త్రవేత్త ఆండ్రేయెవ్. పక్కనున్న మరో విద్యుత్ కొసతో ఈ ప్రవాహాన్ని కుళాయిలా తిప్పవచ్చని డెల్ఫ్ట్ బృందం చూపింది.

"ఆ చల్లదనమేదో మా లైనుకూ పెట్టరాదా?" అన్నాడు పెద్దాయన.

అంత చలికి ఖర్చు తడిసిమోపెడవుతుంది. ఆ విద్య క్వాంటం కంప్యూటర్ల వంటి సూక్ష్మ సర్క్యూట్లకే. ఈ చేనికి కావలసింది హెచ్చు ఓల్టేజి లైను బోరు దాకా రావడం, పక్కనే చిన్న ట్రాన్స్‌ఫార్మర్. అదే చెప్పాను.

స్టార్టరు మీద దీపం వెలిగింది. పెద్దాయన లేచి, మోటారు చప్పుడు సరిగా ఉందో లేదోనని చెవి ఒగ్గి నిలబడ్డాడు.