సంఘం కారు, బరువెక్కిన స్టీరింగు, 40 రూపాయల బొత్తాం



సంఘం కారును అమ్మేయాలా, ఉంచుకోవాలా అని పది రోజులుగా గ్రూపులో నడుస్తున్న చర్చకు, ఆ బండి బాగోగులు చూసే మా ముగ్గురి తరఫున ఈ పోస్టు. కాస్త పొడుగైంది. ఈ బండిలో విశాఖ ఆసుపత్రులకు వెళ్లొచ్చే పెద్దవాళ్లు, వాళ్ల పిల్లలు మాత్రం ఓపిగ్గా చివరిదాకా చదవమని మనవి.

కొత్త సభ్యుల కోసం నాలుగు ముక్కలు. ఇది 2010లో రిజిస్టరైన పెట్రోలు బండి, ఆటోమేటిక్ గేరు. నంబరు ఇప్పటికీ ఓఆర్ 07తోనే మొదలవుతుంది, ఓడీ రాకముందుది కనుక. 15 ఏళ్లు నిండాక మరో 5 ఏళ్లకు రెన్యువల్ చేయించాం. దీన్ని ఊళ్లో పనులకు వాడం. ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి, నరసన్నపేట మీదుగా 16వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని విశాఖ వెళ్లడం, సాయంత్రానికి తిరిగి రావడం, అదే దీని పని. కంటి ఆపరేషన్లు, గుండె పరీక్షలు, కీమోలు. మనలో డ్రైవింగ్ బాగా వచ్చిన ఆరుగురు వంతులవారీగా నడుపుతారు. వాళ్లలో నలుగురు రిటైరైనవాళ్లే.

గొడవ మొదలైంది స్టీరింగు దగ్గర. పొద్దున్న షెడ్డులోంచి తీసేటప్పుడు చక్రం తిరగనంత బరువుగా ఉండటం, డాష్‌బోర్డు మీద స్టీరింగు దీపం వెలగడం, ఒక్కోసారి కాసేపటికి అన్నీ సర్దుకోవడం. ఓసారి శ్రీకాకుళం దగ్గర యూటర్న్ తీసుకుంటుంటే ఉన్నట్టుండి బరువెక్కింది. నడుపుతున్నాయనకు 67 ఏళ్లు, వెనక సీట్లో గుండెకు స్టెంటు వేయించుకున్న మావయ్యగారు. ఎదురుగా బస్సు. ఏమీ కాలేదు కానీ, ఆ మర్నాడే "ఈ డొక్కు బండిలో మా నాన్నను ఇక పంపం" అని ఒక కుటుంబం గ్రూపులో రాసింది. ఆ మాటలో తప్పేం లేదు. ఒక వర్క్‌షాపులో చూపిస్తే స్టీరింగు కాలమ్ మోటారుతో సహా మార్చాలి, 62,000 అవుతుంది అన్నారు. బండి అమ్మితే వచ్చేదానికి అది సగం. దాంతో అమ్మేద్దామన్నవాళ్ల బలం పెరిగింది.

ఇక్కడ మన లాగ్‌బుక్కు గురించి చెప్పాలి. నడిపిన ప్రతివాళ్లూ కిలోమీటర్లు, పెట్రోలు రాసి, బండిలో ఏమైనా తేడా కనిపిస్తే ఒక వాక్యం రాయాలని మొదట్నుంచీ నియమం. 62,000 మాట విన్న రాత్రి ఆ పుస్తకం ముందేసుకుని రెండు నెలలు వెనక్కి తిరగేశాం. ఒకరు రాశారు: క్రూజ్ కంట్రోల్ సెట్ అవడం లేదు, మీట నొక్కితే దీపం వస్తుంది కానీ స్పీడు పట్టుకోవడం లేదు. ఇంకొకరు: బ్యాటరీ దిగిపోయింది, జంపర్ కేబుల్ పెట్టి స్టార్ట్ చేశాం. మళ్లీ అదే, వారం తర్వాత. మూడో ఆయన, ఎవరూ పట్టించుకోని ఒక మాట: గేరు లివరు బ్రేకు తొక్కకుండానే పార్కింగులోంచి కదిలింది. చివర్లో స్టీరింగు బరువు. నలుగురు మనుషులు, నాలుగు వేర్వేరు జబ్బులు. ఒక్కో మాట చదివితే పాత బండి కదా అనిపిస్తుంది. పక్కపక్కన పెట్టి చూస్తే నాలుగూ ఒకే చోటికి వేలు చూపిస్తున్నాయి. బ్రేకు పెడల్ దగ్గరికి.

ఎలాగంటే, పెడల్ పైన చిన్న స్విచ్ ఒకటి ఉంటుంది. పెడల్ వదిలి ఉన్నప్పుడు పెడల్ కాడ దాని ములుకును నొక్కి పట్టుకుంటుంది. తొక్కగానే ములుకు బయటికొస్తుంది, వెనక ఎర్రదీపాలు వెలుగుతాయి. ఆ స్విచ్ చెప్పే కబురు దీపాలతో ఆగదు. బ్రేకు తొక్కారని తెలిస్తే క్రూజ్ కంట్రోల్ వెంటనే విడిచిపెడుతుంది, అది దాని ధర్మం. ఆటోమేటిక్ గేరు కూడా ఆ కబురు అందితేనే పార్కింగు తాళం వదులుతుంది. మన బండిలో పెడల్ కాడకు ఒక బెజ్జం, అందులో బిగించిన చిన్న ప్లాస్టిక్ బొత్తాం ఉంటుంది. ములుకు ఆనుకునేది ఆ బొత్తాం మీదే. ఏళ్ల ఎండకు అది పెళుసెక్కి పగిలితే ములుకు బెజ్జంలోకి దూరిపోతుంది. ఇక బండి దృష్టిలో మనం ఎప్పుడూ బ్రేకు తొక్కుతూనే ఉన్నట్టు. క్రూజ్ పట్టుకోదు, గేరు లివరుకు అడ్డు ఉండదు, వెనక దీపాలు ఆరవు. తాళం తీసి ఇంటికెళ్లిపోయినా ఆరవు, ఎందుకంటే బ్రేకు దీపాలకు తాళంతో పని లేదు.

మరి స్టీరింగుకూ దీనికీ సంబంధం ఏమిటి? లెక్క వేసి చూడండి. ఒక్కో బ్రేకు బల్బు 21 వాట్లు. అటొకటి, ఇటొకటి, అద్దం దగ్గర మరొకటి, మొత్తం దగ్గర దగ్గర 5 ఆంపియర్లు. మన బ్యాటరీ 45 ఆంపియర్ అవర్లది. ఒక్క రాత్రిలో ఖాళీ. బొత్తాం పూర్తిగా ఊడిపోకుండా చీలి వేలాడుతోంది కనుక కొన్ని రాత్రులు దీపాలు వెలిగాయి, కొన్ని రాత్రులు వెలగలేదు. షెడ్డుకు రేకు తలుపు, బయటివాళ్లకు వెలుగు కనపడదు. మన బండిది కరెంటు స్టీరింగు. నిలబెట్టిన చోట చక్రం తిప్పేటప్పుడు ఆ మోటారు పదుల ఆంపియర్లు లాగుతుంది. వోల్టేజి చాలకపోతే తన కంప్యూటరు సాయం తగ్గించేసి దీపం వెలిగిస్తుంది. ఒకటి మాత్రం అందరూ గుర్తుంచుకోవాలి: అలాంటప్పుడు కూడా చక్రానికీ టైర్లకూ ఇనుప లంకె అలాగే ఉంటుంది. రెండు చేతులా బలంగా తిప్పితే తిరుగుతుంది. కంగారుపడి వదిలేయకూడదు.

తెల్లారి షెడ్డుకు వెళ్లి ముందు మల్టీమీటరు పెట్టాం. మన టీవీ రిపేరు తమ్ముడిది. ఇంజను ఆపి ఉండగా 11.9 వోల్టులు. నిండుగా ఉన్న బ్యాటరీ అయితే 12.6 దగ్గర చూపించాలి. స్టార్ట్ చేశాక 14.1 వచ్చింది, అంటే ఆల్టర్నేటరుకు ఏ జబ్బూ లేదు. తర్వాత డ్రైవరు వైపు కాలిపట్టా ఎత్తి చూస్తే నీలం రంగు ప్లాస్టిక్ పలుకులు, బియ్యంలో రాళ్లలా. ఇంకేం కావాలి! మాలో ఒకరు వెనక్కి వెళ్లి నిలబడ్డారు. పెడల్ మీద ఎవరి కాలూ లేదు, మూడు దీపాలూ వెలుగుతున్నాయి.

ఇదే నాకు, నాకేమిటి, మా ముగ్గురికీ ఒళ్లు జలదరించిన చోటు. క్రూజ్ లేకపోతే వచ్చిన నష్టం ఏమీ లేదు. పశువులు, ఆటోలు, ఎదురొచ్చే మోటారు సైకిళ్లు ఉండే మన దారిలో దాన్ని వాడేది ఎంతసేపని? వానలో అసలు వాడనే కూడదు. కానీ ఎర్రదీపాలు ఆరకుండా వెలిగే బండి వెనక లారీవాడికి మనం నిజంగా బ్రేకు ఎప్పుడు వేశామో తెలిసే దారి లేదు. పలాస దగ్గర చీకట్లో మన బండి ఎన్నిసార్లు అలా వెళ్లిందో.

మా పాత మెకానిక్ ఒడియాయన, మన తెలుగు మనకంటే గడగడా మాట్లాడతాడు. పెడల్ కింద తల దూర్చి పది నిమిషాల్లో కొత్త బొత్తాం నొక్కి, "హేలా" అని లేచాడు. బొత్తాం 40 రూపాయలు, ఆయన కూలి 200. దారిలో ఊడిపోతే ఆ బెజ్జంలో వెడల్పు తల ఉన్న బోల్టు పెట్టి నట్టు బిగించి ఇల్లు చేరొచ్చట, కానీ అలాగే ఉంచేయొద్దన్నాడు. పదేపదే పూర్తిగా దిగిపోయిన బ్యాటరీ మాత్రం ఛార్జి నిలుపుకోలేదు, అది మార్చాల్సి వచ్చింది, 5,100. ఆ తర్వాత స్టీరింగు దీపం మళ్లీ రాలేదు. ఇచ్ఛాపురం దాటి సోంపేట వరకు నడిపి చూశాం. క్రూజ్ పట్టుకుంది, పెడల్ తాకగానే విడిచింది. తిరిగొచ్చి గేరు లివరు చూశాం, బ్రేకు తొక్కనిదే కదల్లేదు.

అన్ని బండ్లకూ ఇదే మందు అనుకోవద్దు. ఆయిలు స్టీరింగు ఉన్న పాత బండి బరువెక్కితే ముందు ఆయిలు మట్టం, బెల్టు చూడాలి. ఏ బండికైనా సరే టైర్లలో గాలి చూడాలి, గాలి తక్కువైతే స్టీరింగు బరువెక్కుతుంది. ఒక పక్కకు లాగుతుంటే అలైన్‌మెంటు, గతుకుల్లో టకటక చప్పుడొస్తే టై రాడ్ ఎండ్లు. వీటికి బ్యాటరీతో సంబంధం లేదు. ఇంకో రకం కూడా ఉంది, గేటు బజారు వైపు ఉండే మన సభ్యుడొకాయన బండిలో చూశాం. క్రూజ్ మీటలు పని చేయవు, హారను ఒక్కోసారి మోగదు, ఎయిర్‌బ్యాగు దీపం వెలుగుతుంది. ఈ మూడూ కలిసి వస్తే స్టీరింగు చక్రం కింద చుట్టలా ఉండే క్లాక్ స్ప్రింగ్ అనే రిబ్బను తీగ తెగిందని అనుమానించాలి. చక్రం తిరుగుతున్నా మీటలకు, హారనుకు, ఎయిర్‌బ్యాగుకు కరెంటు అందించేది అదే. ఆ దీపాన్ని చూడలేక బల్బు పీకించుకున్న మహానుభావులు మనలో ఉన్నారు, పేర్లు వద్దు. దీపం ఆరింది సరే, గుద్దుకుంటే బ్యాగు తెరుచుకోదు కదా బాబూ. ఆ పని సొంతంగా చేయబోవద్దు కూడా. బ్యాటరీ తీగ విప్పి, లోపల నిలవున్న కరెంటు పోయేదాకా కొన్ని నిమిషాలు ఆగి, తెలిసిన చేతులే చక్రం ఊడదీయాలి.

అమ్మకం విషయం ఆదివారం సమావేశంలో ఎలాగూ వస్తుంది. మా ముగ్గురి మాట: స్టీరింగు పేరు చెప్పి అమ్మొద్దు. ముందు టైర్లు రెండూ ఈ ఏడాది మార్చక తప్పదు, ఆ ఖర్చు కలుపుకుని తేల్చండి. పంపం అని రాసిన కుటుంబంవాళ్లు శనివారం సాయంత్రం షెడ్డుకు వస్తే బండి వాళ్ల చేతికే ఇస్తాం, పెద్దబజారు దాకా నడిపి చూసుకోవచ్చు.

బుధవారం తెల్లవారుజామున 4 గంటలకు విశాఖ ట్రిప్పు ఉంది. ముగ్గురు పెద్దవాళ్లు, మోకాళ్ల నొప్పి అత్తయ్యగారికి ముందు సీటు. నడపడానికి ఇద్దరు కావాలి, పేర్లు కింద రాయండి. బయల్దేరే ముందు ఒకరు బ్రేకు తొక్కి వదులుతుంటే రెండోవాళ్లు వెనక నిలబడి దీపాలు చూసి, లాగ్‌బుక్కులో సంతకం పెట్టాలి.