తెలిసి కలిపితివా, మరచి కలిపితివా?



వేదపాఠశాలలో సంహితతోపాటు పదపాఠమును కూడ అభ్యసించితిని. సంహితలో పదములు సంధితో కలిసి ప్రవహించును. పదపాఠమున ప్రతి పదము వద్దను ఆగవలెను. ఆగవలసినచోట నేను ఆగనపుడెల్ల గురువుగారు మందలించుటకు ముందు ఒక్కటే ప్రశ్న వేసెడివారు: “తెలిసి కలిపితివా, మరచి కలిపితివా?” యాభై దాటిన పిదప అదే ప్రశ్నను ఒక యంత్రము నన్ను అడిగినది.

ఆలయమున నిత్యము అతికించు తిథినియమ పత్రము కొరకు, మేనల్లుని సాయముతో సి భాషను నేర్చి, చిన్న ప్రోగ్రామును వ్రాసికొంటిని. అందలి స్విచ్ తిథిసంఖ్యను చూచి తగిన కేసులో ప్రవేశించును. ఆ కేసు చివర బ్రేక్ అను విరామాజ్ఞ లేనిచో ప్రవాహము నిలువక క్రింది కేసులోనికి జారును. దీనిని ఫాల్‌త్రూ అందురు. ఇది దోషము కాదు. ఆ భాషకు సహజమైన స్వభావము. అయితే 2017లో వెలువడిన జీసీసీ కంపైలర్ ఏడవ సంచిక నుండి, అదనపు హెచ్చరికలను కోరినవారికి ఇట్టి చోటులు చూపబడుచున్నవి. బుద్ధిపూర్వకముగా విడిచినచో అచ్చట ఫాల్‌త్రూ అను గుర్తు నుంచవలెను. అంతట హెచ్చరిక శమించును. సి23 ప్రమాణమున ఆ గుర్తునకు భాషలోనే స్థానము లభించినది.

నాకు రెండు హెచ్చరికలు వచ్చినవి. విసుగుతో, పరిశీలింపకయే రెండుచోట్లను గుర్తు పెట్టితిని. యంత్రము మౌనము వహించినది.

తరువాతి ఏకాదశినాడు పత్రముపై “ఉపవాసము” అను పంక్తి క్రిందనే “సూర్యోదయానంతరము పారణ” అని కూడ ముద్రితమైనది. ఏండ్ల తరబడి వ్రతము తప్పని ఒక వృద్ధమాత, ఆలయపత్రమే ప్రమాణమని నమ్మి, ఉదయముననే భుజించిరి. సాయంకాలము కన్నీటితో వచ్చి, “పంతులుగారూ, నేనే తప్పు చదివానా?” అని అడిగిరి. “తప్పు నాదమ్మా” అనుట తప్ప మరేమియు చెప్పలేకపోతిని.

ఆ రాత్రి రెండుచోట్లను తెరచి చూచితిని. శనిత్రయోదశి కేసున శనైశ్చరునికి తైలాభిషేకమును చెప్పి, క్రిందనున్న త్రయోదశి కేసులోని ప్రదోషపూజకు ప్రవాహమును కావలెననియే విడిచితిని. అచ్చట గుర్తు న్యాయ్యము. ఏకాదశి చివరనో, బ్రేక్ మరచితిని. ప్రవాహము ద్వాదశిలోనికి జారినది. అచ్చటి గుర్తును తొలగించి, బ్రేక్ చేర్చితిని.

బాహ్యదృష్టికి ఆ రెండును ఒక్కటియే. భేదము కర్త యొక్క సంకల్పమునందే కలదు. కంపైలర్ మనలను నిందింపదు, ధర్మాధర్మములను నిర్ణయింపదు, నీ సంకల్పమేమని మాత్రమే అడుగును. మరపు ఒక దోషము. మరపునకు సంకల్పమను ముసుగు వేయుట అంతకంటె పెద్ద దోషము. మొదటిదానిని యంత్రము పట్టుకొనగలిగినది. రెండవదానిని పట్టుకొనవలసినది అంతఃకరణమే. నిత్యానుష్ఠానమున సంకల్పమును పెదవులతో మాత్రమే పలికిన దినములు నాకెన్ని గడచినవో!

మరుసటి ఏకాదశినాడు ఆ తల్లి పత్రమువైపు చూడలేదు. నేరుగా నా యొద్దకు వచ్చి, “ఇవాళ ఉపవాసమేనా, పంతులుగారూ?” అనిరి. “ఉపవాసమేనమ్మా” అంటిని. ఆమె ప్రశ్నలో నాకు గురువుగారి స్వరము వినబడినది.

స్వస్తి.