మా నాన్న బండికి రేడియేటర్ లేదు

పోయిన జూలైలో ఒక రాత్రి, కోడ్ బిల్డ్ అవుతుండగా నా డెస్క్‌టాప్ ఉన్నట్టుండి ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే రెండు నిమిషాల్లోనే ప్రాసెసర్ 95 డిగ్రీలు. లిక్విడ్ కూలర్ రేడియేటర్ మీద చెయ్యి పెట్టి చూశా. చల్లగా ఉంది. ప్రాసెసర్ కాలిపోతుంటే రేడియేటర్ చల్లగా ఉందంటే, లోపల నీళ్లు తిరగట్లేదన్నమాట. పంపు పోయింది.

నేనుండేది డుంబ్రిగుడలో. నాన్నకు తుంటి ఆపరేషన్ అయ్యాక, ఇంటి నుంచే పని చేస్తానని మేనేజర్‌ని బతిమాలుకుని హైదరాబాద్ నుంచి వచ్చేశా. సిస్టమ్ పోయిందని సాకు చెప్పకూడదన్నది ఆయన షరతు. ఆ వారమే మాకు రిలీజ్. విశాఖ ఇక్కడికి వంద కిలోమీటర్ల పైనే, అదీ ఘాట్ రోడ్డు మీద. వారంటీ ఉంది కానీ, కొత్తది రావడానికి మూడు వారాలన్నారు.

పొద్దున్నే బస్సెక్కి విశాఖలో ఒక మామూలు ఎయిర్ కూలర్ కొన్నా. రాత్రికి బిగించేశా. గండం గడిచింది.

అసలు తంటా మూడు వారాల తర్వాత మొదలైంది. వారంటీలో కొత్త లిక్విడ్ కూలర్ వచ్చింది. మళ్లీ అది పెట్టాలా, వద్దా?

నిజానికి రెండూ చేసేది ఒకటే పని. ప్రాసెసర్ వేడిని తీసుకెళ్లి గది గాలిలో కలపడం. ఎయిర్ కూలర్ రాగి గొట్టాల్లోనూ కొంచెం ద్రవం ఉంటుంది. వేడికి ఆవిరై పైకెళ్లి, రేకుల దగ్గర చల్లబడి, తిరిగి కిందికొస్తుంది. దానికి పంపు అక్కర్లేదు. పోతే ఫ్యాన్ ఒక్కటే పోవాలి, అది ఎవరైనా మార్చుకోవచ్చు. ఇక గది గాలి కంటే చల్లగా ఈ రెండింటిలో ఏదీ ఉంచలేదు. మా గదిలో డిసెంబర్‌లో దుప్పటి కప్పుకుని కోడ్ రాస్తాను, ఇంకేం కావాలి?

నాది రైజెన్ 7 7700ఎక్స్. 105 వాట్ల చిప్పు, గట్టిగా పనిచేస్తే 142 వాట్ల దాకా లాగుతుంది. బయోస్‌లో 65 వాట్ల ఎకో మోడ్ పెడితే అది 88కి దిగుతుంది. బిల్డ్ కాస్త ఆలస్యమవుతుంది, నిజమే. ఆ గ్యాప్‌లో అమ్మ కాఫీ ఇస్తుంది. 250 వాట్లు తాగే చిప్పుతో రోజంతా రెండరింగ్ చేసేవాళ్ల లెక్క వేరు. వాళ్లకి పెద్ద రేడియేటర్ కావాల్సిందే.

ఇదంతా నాన్నకి చెప్తే, "నా స్ప్లెండర్‌కి రేడియేటర్ ఉందేంట్రా? అనంతగిరి ఘాట్ ఇన్నేళ్లుగా ఎక్కట్లేదా?" అన్నాడు. హైదరాబాద్‌లో ఆ రంగురంగుల లైట్లు చూసి మురిసిపోయి లిక్విడ్ కూలర్ కొన్నానని మాత్రం ఆయనకి చెప్పలేదు.

ఇప్పుడు నెలకోసారి పెయింట్ బ్రష్‌తో రేకుల మధ్య దుమ్ము దులుపుతున్నా. పొయ్యి పొగకి అది జిడ్డుగా పడుతుంది. కొత్త లిక్విడ్ కూలర్ అట్టపెట్టెలోనే ఉంది. విశాఖలో ఉండే మా పిన్ని కొడుకు అడుగుతున్నాడు. వాడు త్రీడీ యానిమేషన్ చేస్తాడు, మే నెలలో వాడి గది కొలిమే. సర్వీస్ సెంటర్ కూడా వాడికి రెండు బస్టాపుల దూరమే. ఈసారి వచ్చినప్పుడు పట్టుకుపొమ్మన్నా.