ఒక్క మాట చోటు తప్పితే

తెలుగు వాక్యంలో పదాలకు విభక్తులే రక్షణ. "రాముడు రావణుని చంపెను" అన్నా, "రావణుని రాముడు చంపెను" అన్నా చచ్చినవాడు రావణుడే. కర్త ఎవరో, కర్మ ఎవరో పదాల చివరనున్న ప్రత్యయాలు చెప్పివేస్తాయి. ఇంగ్లీషులో నామవాచకాలకు ఆ కవచం ఏనాడో ఊడిపోయింది. అక్కడ పదానికి స్థానమే విభక్తి. కర్త ముందు, క్రియ తరువాత, కర్మ ఆ వెనుక. ఈ వరుస తప్పితే హంతకుడూ హతుడూ తారుమారవుతారు.

ఇంత కట్టుదిట్టమైన వాక్యంలో కొంత స్వేచ్ఛ దక్కింది క్రియావిశేషణానికి. వాక్యం మొదట, చివర, కర్తకూ క్రియకూ నడుమ దానికి ప్రవేశం ఉంది. కాని ఆ స్వేచ్ఛ ఉచితం కాదు. చోటు మారితే చాలాసార్లు అర్థమూ మారుతుంది. "షి స్పోక్ వైజ్లీ" అంటే ఆమె పలికిన మాటలు వివేకవంతమైనవని భావం. "షి వైజ్లీ స్పోక్" అంటే మౌనం వహించక మాట్లాడడమే ఆమె వివేకమని. మొదటిది మాటతీరుకు మెప్పు, రెండవది నిర్ణయానికి మెప్పు. పదాలు మాత్రం అవే మూడు.

నిత్యవ్యవహారంలోని 'ఆల్వేస్', 'నెవర్' వంటి పదాలకు దాదాపు స్థిరనివాసం ఏర్పడింది. అవి ప్రధాన క్రియకు ముందు నిలుస్తాయి: "షి ఆల్వేస్ కమ్స్ లేట్." 'ఈజ్', 'వాజ్' వంటివే ప్రధాన క్రియలైతే వాటి తరువాతికి జరుగుతాయి: "షి ఈజ్ ఆల్వేస్ లేట్." సహాయక క్రియ ఉంటే దాని వెనుక చేరుతాయి: "షి హాజ్ నెవర్ కమ్ లేట్." ఇంగ్లీషు మాతృభాషగా గలవారు ఈ సూత్రాన్ని ఎక్కడా చదవకుండానే పాటిస్తారు.

తెలుగువారికి ఇబ్బంది మరొకచోట వస్తుంది. "అతడు బాగా ఇంగ్లీషు మాట్లాడతాడు" అనడం తెలుగులో దోషం కాదు. ఆ అలవాటుతో "హి స్పీక్స్ వెల్ ఇంగ్లీష్" అంటే మాత్రం చెవికి గుచ్చుకుంటుంది. క్రియకూ దాని కర్మకూ నడుమ మూడవ మనిషి దూరడాన్ని ఆ భాష సాధారణంగా సహించదు. "హి స్పీక్స్ ఇంగ్లీష్ వెల్" అనవలసిందే.

అన్నిటిలోకీ చిక్కైన పదం 'ఓన్లీ'. తెలుగులో ఆ పనిని ఒక్క ఏకారం నిర్వహిస్తుంది. "సీతే రాముకు పది రూపాయలిచ్చింది", "సీత రాముకే పది రూపాయలిచ్చింది", "సీత రాముకు పది రూపాయలే ఇచ్చింది." ఏకారం ఏ మాటను అంటుకుంటే ఆ మాటకే నొక్కు. 'ఇప్పుడే' అనడానికి మనవారు 'నౌ ఓన్లీ' అనడం ఈ అలవాటు ఫలితమే. ఇంగ్లీషువారు సంభాషణలో ఆ పదాన్ని క్రియకు ముందుంచి, తమకు కావలసిన మాటను గొంతుతో నొక్కుతారు: "సీతా ఓన్లీ గేవ్ రాము టెన్ రూపీస్." కాని గొంతు కాగితం మీదికి ఎక్కదు. రాముకు మాత్రమే ఇచ్చిందా, పది మాత్రమే ఇచ్చిందా? ఒప్పందాలలో, రసీదులలో ఈ సందేహం తగవులకు దారితీయవచ్చు. అటువంటిచోట 'ఓన్లీ'ని తనకు చెందిన మాట పక్కనే నిలపడం క్షేమం.

అర్థం కోసం పాటించే జాగ్రత్త ఇది. నియమం కోసమే పాటించే జాగ్రత్త మరొకటి ఉంది. 'టు'కూ క్రియకూ నడుమ క్రియావిశేషణాన్ని చొప్పించరాదని 1864లో హెన్రీ ఆల్ఫర్డ్ 'ది క్వీన్స్ ఇంగ్లీష్' గ్రంథంలో ఆక్షేపించారు. క్రమంగా అది బడులలో శాసనమైంది. అర్థం అస్పష్టం కావడంకన్నా, వాక్యం కృత్రిమం కావడంకన్నా విడదీయడమే మేలని 1926లో ఫౌలర్ తీర్పు చెప్పినా భయం తొలగలేదు. కొందరు ఆ నిషేధాన్ని సహాయక క్రియకూ ప్రధాన క్రియకూ నడుమనున్న చోటుకు సైతం విస్తరించారు. నిజానికి అది క్రియావిశేషణానికి సహజస్థానం.

అమెరికా అధ్యక్షుని ప్రమాణంలో 35 పదాలున్నాయి. వాటిలో 'ఫెయిత్‌ఫుల్లీ' అనేది 'విల్'కూ 'ఎగ్జిక్యూట్'కూ నడుమ ఉంది. 2009 జనవరి 20న ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ కాగితం చూడకుండా ప్రమాణం చేయిస్తూ ఆ పదాన్ని వాక్యం చివరికి జరిపారు. బరాక్ ఒబామా తటపటాయించి ఆగారు. రాబర్ట్స్ సవరించబోయి మళ్ళీ తడబడ్డారు. మరునాడు సాయంత్రం, సందేహానికి తావుండరాదని, శ్వేతసౌధంలో ప్రమాణాన్ని తిరిగి చేయించారు. విడదీయరాదన్న పాత నియమమే రాబర్ట్స్ నాలుకను పక్కదారి పట్టించి ఉంటుందని భాషాశాస్త్రజ్ఞుడు స్టీవెన్ పింకర్ ఊహించారు. అది ఊహే అయినా ఆలోచింపదగినది.

క్రియావిశేషణాన్ని ఎక్కడ ఉంచాలని నియమాన్ని అడిగేముందు అర్థాన్ని అడగడం మంచిది. ఆ మాట ఏ మాటకు చెందినదో వినేవారికి తెలిస్తే చోటు సరైనదే. తెలియకపోతే, ఎంతటి వ్యాకరణం అండగా ఉన్నా అది పరాయి ఇంట కాపురమే.