ఓట్లు పెరిగినా ఓడిపోయిన రైతు



ఏ ఎన్నిక వచ్చినా మనం ఒక మాట అనుకుంటాం, "మనలాగా మడక పట్టినోడు ఒక్కడు సభలో ఉంటే మన బాధ తెలిసేది" అని. నేనూ అంటాను. అలాంటాయన ఒకడు అమెరికా సెనేట్‌లో 18 ఏళ్లు కూర్చున్నాడు. 2024 నవంబరులో ఓడిపోయాడు. ఎట్లా ఓడాడో చదివినప్పటి నుంచి ఆ మాట అనడానికి నాకు నోరు రావడం లేదు. పోస్టు కొంచెం పొడుగే, ఓపిక చేసుకోండి.

ఆయన పేరు జాన్ టెస్టర్. రాష్ట్రం మోంటానా, కెనడాని ఆనుకుని ఉంటుంది. మన ఆంధ్ర, తెలంగాణ రెండూ కలిపినా దానికంటే చిన్నవే. జనం మాత్రం 11 లక్షల చిల్లర, అంటే మన దగ్గర ఒక చిన్న జిల్లా అంత. సెనేట్ మన రాజ్యసభ లాంటిదే అనుకోండి, కానీ ఒక తేడా ఉంది. మన రాజ్యసభ సభ్యుల్ని ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు. అక్కడ రాష్ట్రంలో ఓటున్న ప్రతి ఒక్కరూ నేరుగా వేస్తారు. పదవి ఆరేళ్లు. కాబట్టి నిలబడినోడు రాష్ట్రం మొత్తం తిరగాల్సిందే.

టెస్టర్‌ది బిగ్ శాండీ అనే చిన్న ఊరు. 1912లో వాళ్ల తాతలు అక్కడ భూమి పట్టారు. 1,800 ఎకరాలు. మనకి కళ్లు తిరిగే లెక్కే గానీ అంతా మెట్ట సేద్యం, వాన పడితేనే పంట. గోధుమ, బార్లీ, పప్పుధాన్యాలు వేస్తారు, అదీ మందులు లేని సేద్యం. తొమ్మిదేళ్ల వయసులో ఇంట్లో మాంసం కొట్టే మిషనులో పడి ఎడమ చేతికి మూడు వేళ్లు పోయాయి. ఆ చెయ్యి ఊపుకుంటూనే ఓట్లు అడిగాడు. మా నాయనకి గడ్డి కటింగ్ మిషనులో రెండు వేళ్లు పోయాయి, అందుకే ఆయన ఫోటో చూడగానే నాకు మనోడే అనిపించింది. సెనేటర్ అయ్యాక కూడా వారం చివర్లో ఇంటికొచ్చి ట్రాక్టరు ఎక్కేవాడు.

మరి మనలాంటి చిన్న రైతుకి ఏం చేశాడు అంటారా? 2010లో వాళ్లు ఆహార భద్రత చట్టం తెచ్చారు. పెద్ద ఫ్యాక్టరీలకు పెట్టిన రూల్సే కూరగాయలు అమ్ముకునే చిన్న రైతుకీ పెడితే కాగితాల కిందే నలిగిపోతాడు. ఏడాదికి 5 లక్షల డాలర్ల లోపు అమ్మకం ఉండి, ఎక్కువ భాగం చుట్టుపక్కలే నేరుగా అమ్ముకునే రైతుకి సడలింపు ఇచ్చే సవరణ పెట్టించింది ఈయనే. అది చట్టంలో ఉంది.

ఇంకోటి 2022లో పెట్టిన బిల్లు. ట్రాక్టరు చెడిపోతే దాన్ని రిపేరు చేసుకునే సాఫ్ట్‌వేర్, పుస్తకాలు, పనిముట్లు కంపెనీ రైతుకి ఇచ్చి తీరాలని. అది పాస్ కాలేదు. ఈ బాధ అమెరికా వాళ్లదే అనుకోకండి. మా అన్న కొన్న పెద్ద ట్రాక్టరు సరిగ్గా విత్తనం పెట్టే రోజున స్క్రీన్ మీద ఎర్రలైటు వెలిగి ఆగిపోయింది. మా ఊరి మెకానిక్ చెయ్యి పెట్టలేనన్నాడు. షోరూము నుంచి ల్యాప్‌టాప్ పట్టుకుని మనిషి రావడానికి నాలుగు రోజులు పట్టింది. అప్పటికి పదును ఆరిపోయింది.

ఇక ఎన్నిక సంగతికి వస్తా. 2006లో సుమారు మూడున్నర వేల ఓట్లతో మొదటిసారి గెలిచాడు. 2012లో ఆ రాష్ట్రంలో ఒబామా ఓడిపోయినా ఈయన గెలిచాడు. 2018లో ట్రంప్ నాలుగు సార్లు వచ్చి ఈయనకి ఎదురుగా ప్రచారం చేసినా గెలిచాడు. 2024లో పోటీ టిమ్ షీహీతో. ఆయన నేవీలో పనిచేసి వచ్చి, కార్చిచ్చుల మీద విమానాలతో నీళ్లు చల్లే కంపెనీ పెట్టిన మనిషి. పుట్టింది వేరే రాష్ట్రంలో.

అప్పటికి మోంటానాలో రాష్ట్రమంతా ఓటేసే పదవుల్లో మిగిలిన డెమోక్రాట్ టెస్టర్ ఒక్కడే. పైగా సెనేట్ ఎవరి చేతికి పోతుందనేది ఈ సీటు మీద ఆధారపడి ఉంది. దాంతో దేశం నలుమూలల నుంచి డబ్బు దిగింది. రెండు వైపులా కలిపి 25 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు, మన లెక్కలో 2 వేల కోట్ల రూపాయల పైమాటే. పడిన ఓట్లు ఆరు లక్షల చిల్లర. భాగించి చూడండి, ఓటుకి 30 వేల పైనే. మన దగ్గర కవర్లో పెట్టి ఇస్తారని మనల్ని మనమే తిట్టుకుంటాం. అక్కడ ఓటరు చేతికి ఒక్క పైసా రాదు, అంతా టీవీల్లోకీ ఫోన్లలోకీ పోస్తారు. ఏది మేలో మీరే చెప్పండి.

ఆ యాడ్స్‌లో గోధుమ రేటు గురించి, ట్రాక్టరు గురించి ఎంత ఉంటుంది? సరిహద్దు, బైడెన్, లాబీయిస్టుల డబ్బు, అబార్షన్, ఇవే. టెస్టర్ తన పార్టీకి దూరంగా నిలబడాలని చాలా చూశాడు. బైడెన్‌ని పోటీ నుంచి తప్పుకోమని బయటికే అన్నాడు, చికాగోలో పార్టీ మహాసభకి పోలేదు, హారిస్‌కి మద్దతు చెప్పలేదు. అయినా షీహీకి 52 శాతం పైన వచ్చింది, ఈయనకి 45 దగ్గర ఆగింది.

నన్ను నిలబెట్టిన లెక్క ఇది. ఓడిన ఈ ఎన్నికలో టెస్టర్‌కి సుమారు 2 లక్షల 76 వేల ఓట్లు వచ్చాయి. గెలిచిన మూడు సార్లలో ఒక్కసారి కూడా అన్ని రాలేదు. 2018లో 2 లక్షల 54 వేలకే గెలిచాడు. ఆరేళ్లలో పోలైన ఓట్లు లక్ష పెరిగాయి. కొత్తగా పడిన ఆ ఓట్లలో చాలా వాటికి పార్టీ గుర్తే ముఖ్యం. ట్రంప్ ఆ రాష్ట్రంలో దాదాపు 20 శాతం తేడాతో గెలిచాడు, ఆ వరదలో ఈయన కొట్టుకుపోయాడు.

ఓటర్లది తప్పని నేను అనను. సెనేట్‌లో ఈయన చెయ్యి ఎత్తితే అది పార్టీ లెక్కలోకే పోతుంది, ఆ పార్టీ వాళ్లకి వద్దు. అది న్యాయమైన కారణమే. 2017 చివర్లో మన దేశం బఠాణీల మీద 50 శాతం, మసూర్ మీద 30 శాతం దిగుమతి సుంకం వేస్తే దెబ్బ తిన్నది మోంటానా రైతులే, మన పప్పు రైతుకి మాత్రం కొంచెం ఊపిరి ఆడింది. అలాంటిది ఒక్క సెనేటర్ ఆపగలిగింది కాదు. ఇది ఒప్పుకోవాలి.

కానీ హారిస్‌కంటే టెస్టర్‌కి 40 వేలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చాయి. అంటే పైన ట్రంప్‌కి వేసి, కింద ఈ రైతుకి వేసినోళ్లు వేలల్లో ఉన్నారు. మన భాషలో క్రాస్ ఓటింగ్. ఎంపీకి ఒక గుర్తు, ఎమ్మెల్యేకి ఒక గుర్తు నొక్కే మనిషిని మన ఊళ్లలో "వాడికి నిలకడ లేదు" అంటారు. నాకైతే ఆ వేల మంది చేసిన పనే నచ్చింది. మనిషి పని చూసి వేశారు, చాల్లేదు, అంతే.

ఈసారి మా ఊరికి ఏ పార్టీవాళ్లు వచ్చినా నేను గుర్తు గురించి మాట్లాడను. మా ట్రాక్టరు మా మెకానిక్ విప్పుకునేలా అసెంబ్లీలో ఒక్క ప్రశ్న అడుగుతారా అని అడుగుతా. మా అన్న అప్పుడే నవ్వుతున్నాడు, "వాళ్లు నీకు కండువా కప్పి పోతారు లేరా" అని.