సన్అత్ పేరున్న నగరం: పంజాగుట్ట నుండి సనత్‌నగర్ దాకా ఒక రోజు

హైదరాబాదుకు బంధువులు వచ్చినప్పుడు మనం వారిని సాధారణంగా చార్మినార్, మక్కా మసీదు, సాలార్‌జంగ్ మ్యూజియం, గోల్కొండ కోటలకు తీసుకువెళతాము. పర్యాటక బస్సులు తిరిగేదీ ఈ చోట్లకే. అవి చూడదగిన స్థలాలే. అయితే అవి పాలకుల నగరాన్ని మాత్రమే చూపుతాయి. ఇదే హైదరాబాదులో, మెట్రో రైలు ఎర్ర మార్గంపై, ఎర్రమంజిల్ నుండి ఎర్రగడ్డ దాకా, శ్రామికుల నగరం ఒకటి ఉన్నది. దానికి మార్గదర్శకుడు లేడు, టికెట్టు లేదు, చరిత్రను తెలిపే ఫలకాలు కూడా అరుదు. భూమిపై సంచరించి గతించినవారి పర్యవసానాన్ని పరిశీలించమని దివ్య ఖుర్ఆన్ పలుచోట్ల ఆదేశిస్తున్నది. ఆ ఆదేశాన్ని పాటించడానికి దూరదేశాలకే పోనవసరం లేదు.

గత శీతకాలంలో మేము మా మదరసా పై తరగతుల విద్యార్థులు తొమ్మిదిమందితో కలిసి ఈ దారిలో ఒక రోజు గడిపాము. పాఠక కుటుంబాలకు కూడా ఈ ప్రయాణం ఉపయోగపడగలదనే తలంపుతో ఆ వివరాలను ఇక్కడ పొందుపరుస్తున్నాము.

గుట్ట మీది ఇరమ్

ఉదయం ఎర్రమంజిల్ స్టేషన్‌లో దిగాము. ఈ చుట్టుపక్కల ఊళ్ల పేర్లే మన ఉమ్మడి జీవితానికి సాక్ష్యం పలుకుతాయి. పంజాగుట్టలో 'పంజా' ఫార్సీ మాట, అయిదు వేళ్ల చేయి అని అర్థం. 'గుట్ట' తేట తెలుగు. అమీర్‌పేటలో 'అమీర్' అరబీ, 'పేట' మనది. ఎర్రమంజిల్ సంగతి మరింత ఆసక్తికరం. నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ 19వ శతాబ్దంలో గుట్ట మీద కట్టించిన ఈ సౌధం అసలు పేరు 'ఇరమ్ మంజిల్'. ఫార్సీ కవుల భాషలో ఇరమ్ అంటే స్వర్గతుల్యమైన వనం. తెలుగువారి నోట అది 'ఎర్ర' అయి, సహజంగానే స్థిరపడిపోయింది.

మదరసాలో చదివే పిల్లలకు ఇరమ్ అనగానే మరొకటి గుర్తుకు రావాలి. వచ్చింది కూడా. ఎత్తయిన స్తంభాల ఇరమ్ నగరాన్ని, ఆద్ జాతి వినాశనాన్ని సూరా అల్ ఫజ్ర్ ప్రస్తావిస్తుంది. భవనాలు ఎంత దృఢమైనవైనా వాటిని కట్టినవారికి అవి శాశ్వతత్వాన్ని ఇవ్వలేవు. ఈ సౌధం కూడా నవాబు కుటుంబం చేతుల నుండి ప్రభుత్వ కార్యాలయాల చేతికి వెళ్లింది. 2019లో దీనిని కూల్చి ఆ స్థలంలో కొత్త శాసనసభ భవనం కట్టాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. నగర పౌరులు, నవాబు వంశీకులు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. అదే సంవత్సరం సెప్టెంబరు 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. నేడు మనం ఈ కట్టడాన్ని చూడగలుగుతున్నామంటే, కొందరు దాని చరిత్ర తెలుసుకొని నోరు తెరవడం వల్లనే. చరిత్ర తెలియనివారు దేనినీ కాపాడుకోలేరు.

అక్కడి నుండి కాలినడకన పంజాగుట్ట కూడలి వైపు సాగితే నిమ్స్ ఆసుపత్రి వస్తుంది. 1960వ దశకంలో నిజాం ధర్మనిధి చేయూతతో ఎముకల వైద్యశాలగా మొదలై, తరువాత చట్టం ద్వారా విశ్వవిద్యాలయ హోదా పొందిన సంస్థ ఇది. రాష్ట్రం నలుమూలల నుండి వచ్చిన రోగుల బంధువులు ఆవరణలో చాపలు పరచుకొని కూర్చుని ఉన్నారు. మా విద్యార్థులు అక్కడ కొంతసేపు నిలబడి రోగుల స్వస్థత కోసం దుఆ చేశారు.

అమీర్‌పేట: చదువుల కార్ఖానా

అమీర్‌పేట స్టేషన్‌లో ఎర్ర మార్గం, నీలి మార్గం ఒకదానిపై ఒకటిగా కలుస్తాయి. 2017 నవంబరు చివర మియాపూర్ నుండి నాగోలు దాకా తొలి మెట్రో రైళ్లు నడిచింది ఈ కూడలి మీదుగానే. మెట్లు దిగి మైత్రీవనం వైపు నడిస్తే తల ఎత్తిన ప్రతిచోటా శిక్షణ కేంద్రాల బోర్డులే. ఒకే గోడ మీద పదుల సంఖ్యలో కోర్సుల పేర్లు. వాటి కింద జిరాక్సు దుకాణాలు, టిఫిను బండ్లు, హాస్టళ్ల ప్రకటనలు. 1990వ దశకం చివర కంప్యూటరు కొలువులకు గిరాకీ పెరిగినప్పటి నుండి తెలుగు జిల్లాల యువత మూడు నాలుగు నెలల శిక్షణ కోసం ఇక్కడికే వస్తున్నది. మన సముదాయపు పిల్లలు కూడా వారిలో చాలామంది ఉన్నారు. ఒక గదిలో అయిదారుగురు సర్దుకొని, ఒక పూట తిని ఒక పూట మాని, చదువుకొని విదేశాలకు వెళ్లినవారు మన ప్రతి పట్టణంలో కనిపిస్తారు.

ఈ పేటకు పరిశ్రమతో ఉన్న మరో బంధం చాలామందికి తెలియదు. ఇక్కడికి కొద్ది దూరంలోని బాలానగర్‌లో 1960వ దశకంలో సోవియట్ సహకారంతో ప్రభుత్వ ఔషధ కర్మాగారం ఐ.డి.పి.ఎల్. ఏర్పడింది. అందులో పనిచేసి అనుభవం గడించిన డాక్టర్ కె. అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించారు. దాని ప్రధాన కార్యాలయం చాలాకాలం అమీర్‌పేటలోనే ఉండేది. హైదరాబాదు నేడు మందుల తయారీకి పేరెన్నికగన్నదంటే, ఆ కర్మాగారంలో పనిచేతుల ద్వారా నేర్చిన విద్యకు అందులో పెద్ద వాటా ఉన్నది.

బేగంపేటలో జుహర్

జుహర్ వేళకు నీలి మార్గం ఎక్కి బేగంపేట వైపు వెళ్లాము. ఈ పేట పేరు రెండవ నిజాం కుమార్తె బషీరున్నిసా బేగం పేరిట వచ్చిందని చెబుతారు. పాయగా వంశానికి చెందిన నవాబ్ వికారుల్ ఉమరా, అంటే ఇక్బాలుద్దౌలా, తలపెట్టిన మసీదు ఇక్కడ ఉన్నది. 1906లో పూర్తయిన ఈ మసీదును ప్రజలు స్పానిష్ మసీదు అంటారు. మనం చూసే గుండ్రని మీనార్లకు బదులు దీనికి కోసుగా లేచిన శిఖరాలున్నాయి. లోపలి కమానులు కుర్తుబా జామె మసీదును స్ఫురింపజేస్తాయి. ఫలక్‌నుమా సౌధాన్ని కట్టించింది కూడా ఈ నవాబే. ఆ సౌధంలో నేడు ధనవంతులు బస చేస్తారు. ఈ మసీదులో మాత్రం రోజుకు అయిదు పూటలా పేదవాడూ ధనికుడూ ఒకే పంక్తిలో నిలబడుతున్నారు. రెండింటిలో ఏ నిర్మాణం ఆయనకు మిగిలిందో విద్యార్థులకు వివరించనవసరం కలగలేదు.

బేగంపేటలోనే 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ దేహంలో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. ఆయన పనిచేసిన భవనం నేటికీ ఉన్నది. సైన్సు చదివే పిల్లలున్న కుటుంబాలు దానిని కూడా చూడవచ్చు.

సన్అత్ అనే మాట

మధ్యాహ్నం తిరిగి ఎర్ర మార్గం ఎక్కి ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి, ఎర్రగడ్డల వైపు సాగాము. ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి కార్మికుల వైద్యం కోసం 1948 నాటి చట్టం ఆధారంగా ఏర్పడిన వ్యవస్థలో భాగం. నేడు కార్మికుని వేతనం నుండి నూటికి 75 పైసలు, యజమాని నుండి వేతనంలో నూటికి 3 రూపాయల 25 పైసలు ఈ నిధికి చేరుతాయి. ఆరోగ్యంగా ఉన్నవాని పైసా రోగిగా ఉన్నవానికి మందు అవుతుంది. పరస్పర సహకారానికి ఇంతకన్న సులభమైన పాఠం ఎక్కడ దొరుకుతుంది?

అక్కడికి చేరువలోనే సనత్‌నగర్. ఈ పేరులోని 'సనత్' మన మదరసాలలో ప్రతి విద్యార్థికీ తెలిసిన 'సన్అత్'. చేతిపని, పరిశ్రమ అని దాని అర్థం. నిజాం ప్రభుత్వ కాలంలో పరిశ్రమల వాడగా రూపొందిన చోటుకు ఈ పేరు పెట్టారు. దావూద్ (అలైహిస్సలాం)కు కవచాల తయారీ నేర్పిన సంగతిని సూరా అల్ అంబియాలో అల్లాహ్ తెలిపినప్పుడు వాడిన మాట ఇదే. నూహ్ (అలైహిస్సలాం)కు ఓడ నిర్మించమని ఇచ్చిన ఆదేశంలోని క్రియ కూడా ఈ ధాతువు నుండి పుట్టినదే. ఒక ప్రవక్త ఇనుముతో పనిచేశారు, మరొక ప్రవక్త చెక్కతో పనిచేశారు. దావూద్ (అలైహిస్సలాం) తన చేతి కష్టంతోనే ఆహారం సంపాదించుకునేవారని మన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ప్రశంసాపూర్వకంగా తెలిపారు.

1929లో నిజాం ప్రభుత్వం పరిశ్రమలకు పెట్టుబడి సమకూర్చడానికి ఒక ప్రత్యేక నిధిని ఏర్పరచింది. ఆ నిధి, అలాదీన్ సంస్థ భాగస్వామ్యంతో 1942లో హైదరాబాద్ ఆల్విన్ మెటల్ వర్క్స్ ప్రారంభమైంది. బస్సుల బాడీలు, ఉక్కు బీరువాలు, ఫ్రిజ్‌లు, తరువాతి కాలంలో చేతి గడియారాలు ఆ కర్మాగారంలో తయారయ్యాయి. మన పెద్దల పెళ్లిళ్లలో ఇచ్చిన ఆల్విన్ బీరువాలు కొన్ని ఇళ్లలో ఇంకా తలుపులు కదలకుండా నిలిచి ఉన్నాయి. 1990వ దశకంలో ఆ సంస్థ వోల్టాస్‌లో విలీనమైంది. ఇప్పుడు ఆల్విన్ అనే పేరు కూడళ్లకు, కాలనీలకు మిగిలింది. ఈ పరిసరాల్లో చాలా కార్ఖానాలు మూతపడి, ఆ స్థలాలలో నివాస సముదాయాలు, దుకాణాలు లేచాయి.

ఒక టీ కొట్టు దగ్గర విశ్రాంత టర్నర్ ఒకరు మాకు తారసపడ్డారు. విద్యార్థులు 'చాచా' అని పలకరించగానే ఆయన సంతోషంగా బెంచీ మీద చోటు చూపించారు. తమ రోజుల్లో సైరన్ మోగితే వీధి మొత్తం సైకిళ్లతో నిండిపోయేదని చెప్పారు. లేత్ మిషన్ మీద అంగుళంలో వెయ్యో వంతు తేడాను చేతితోనే పసిగట్టేవారమని చెబుతూ బొటనవేలిని చూపుడువేలిపై రుద్ది చూపించారు.

మా విద్యార్థులలో ఒకడు హిఫ్జ్ పూర్తిచేసినవాడు. ఐ.టి.ఐ.లో చేరి టర్నరు పని నేర్చుకోవాలని అతని కోరిక. ఇంట్లో తల్లి ఒప్పుకోవడం లేదు. ఖుర్ఆన్‌ను హృదయంలో దాచుకున్న బిడ్డ చేతులకు నూనె మసి అంటడం ఆమెకు ఇష్టం లేదు. అతడు మెల్లగా అడిగాడు: "చాచా, హాఫిజ్ అయినవాడు లేత్ దగ్గర నిలబడితే జనం ఏమనుకుంటారు?"

ఆయన వెంటనే బదులిచ్చారు: "మా షాపులోనే ఒక హాఫిజ్ సాబ్ ఉండేవారు బేటా. పగలంతా మాతో పాటు మిషన్ మీద. రమజాన్ వస్తే రాత్రి తరావీహ్ ఆయనే చదివించేవారు. మా ఫోర్‌మన్ కూడా ఆయన వెనుకే నిలబడేవాడు. ఎవరూ ఏమీ అనుకోలేదు."

ఆ యువకుడు తిరుగు ప్రయాణమంతా మౌనంగా ఉన్నాడు. అతని ఇంట్లో ఈ విషయం ఇంకా తేలలేదు. మేము ఆ తల్లితో ఒకసారి మాట్లాడాము, మళ్లీ మాట్లాడతాము. ఇది ఆ ఒక్క ఇంటి సమస్య కాదని పాఠకులకు తెలుసు. తాతగారు ఫిట్టరుగా పనిచేసి ఇల్లు నిలబెట్టారని చెప్పుకోవడానికి మన ఇళ్లలో నేడు కొందరు మొహమాటపడుతున్నారు. అమీర్‌పేటలో కంప్యూటరు నేర్చుకోవడం మంచిదే. అది ఈ కాలపు సన్అత్. కాని ఒక పనిని గౌరవంగా, మరొక పనిని అవమానంగా లెక్కించే అలవాటు ఇస్లాం నేర్పినది కాదు. హలాల్ సంపాదన ఏ పరికరంతో వచ్చినా అది గౌరవమైనదే.

ఇతర నగరాలు ఏమి చేశాయి?

మూతపడిన పరిశ్రమలు ప్రపంచంలో చాలాచోట్ల సందర్శన స్థలాలుగా మారాయి. జర్మనీలోని ఎస్సెన్ నగరంలో జోల్‌ఫెరైన్ బొగ్గు గని 1986లో మూతపడింది. 2001లో అది యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఒకప్పుడు అక్కడ పనిచేసిన గని కార్మికులు సందర్శకులకు మార్గదర్శకులయ్యారు. మన దేశంలో బట్టల మిల్లులకు పేరుపొందిన అహ్మదాబాదులో 1997 నుండి ప్రతి ఉదయం వారసత్వ నడక సాగుతున్నది. అది ఒక ఆలయం వద్ద మొదలై, పాత వీధుల గుండా సాగి, జామె మసీదు దగ్గర ముగుస్తుంది. 2017లో ఆ నగరానికి ప్రపంచ వారసత్వ నగర హోదా లభించింది.

సనత్‌నగర్‌కు కూడా అలాంటి నడక అవసరం. మనకున్న వ్యవధి మాత్రం తక్కువ. మిషన్ల శబ్దం విన్న తరం వృద్ధాప్యంలో ఉన్నది. వారు మన మధ్య నుండి వెళ్లిపోతే ఈ వీధులకు అర్థం చెప్పేవారు ఉండరు. ప్రభుత్వం ఫలకాలు పెట్టేదాకా ఎదురుచూడకుండా, కుటుంబాలు, మసీదు కమిటీలు, పాఠశాలలు తమ పరిధిలో ఈ పనిని ప్రారంభించవచ్చు.

మీరు వెళ్లదలిస్తే

ఉదయం ఎర్రమంజిల్‌లో మొదలుపెట్టండి. సౌధాన్ని వెలుపలి నుండి చూసి పంజాగుట్ట వరకు నడవండి. పదకొండు గంటల ప్రాంతంలో అమీర్‌పేట చూడండి. జుహర్ బేగంపేటలో చేసుకొని, మసీదు మర్యాదలను పాటిస్తూ కట్టడాన్ని పరిశీలించండి. అసర్ వేళకు సనత్‌నగర్ చేరండి. ఆదివారం అయితే అమీర్‌పేటలో రద్దీ తక్కువగా ఉంటుంది, కాని పని రోజున వెళితేనే ఆ పేట అసలు స్వరూపం తెలుస్తుంది. వృద్ధులతో వెళ్లేవారు మెట్రో స్టేషన్లలోని లిఫ్టులను ఉపయోగించుకోవాలి.

మీ బంధువుల్లో, మొహల్లాలో కార్ఖానా పని చేసిన పెద్దలు ఎవరైనా ఉంటే వారిని తప్పక వెంట తీసుకువెళ్లండి. పిల్లల చేతికి ఒక నోటుపుస్తకం ఇచ్చి, ఆ పెద్దలు ఏ సంవత్సరం పనిలో చేరారు, ఏ మిషన్ నడిపారు, మొదటి నెల జీతం ఎంత, నమాజు ఎక్కడ చేసేవారు అన్న ప్రశ్నలు అడిగించి జవాబులు రాయించండి. ఆ పుస్తకాన్ని ఇంట్లో భద్రపరచండి. మన చేతి కష్టంలో అల్లాహ్ శుభాన్ని ప్రసాదించుగాక, మన సంతానాన్ని పని విలువ తెలిసినవారిగా చేయుగాక. ఆమీన్.